రేడియో గదిలో మాటల తీగ

ఈ సంవత్సరపు సంచికకు పూర్వ విద్యార్థులు తమతమ వృత్తులలో నేర్చుకొనిన యేదేని యొక విషయమును గూర్చి వ్రాయవలసినదని ప్రధానోపాధ్యాయులవారు కోరినప్పుడు మే మిరువురము కొంత సంకోచించితిమి. మేము పండితులము గాము. పుస్తకములు వ్రాసినవారము గాము. ఈ పాఠశాలలో పదవ తరగతి వఱకు ఒకే బల్లపై కూర్చుండి చదివితిమి. పిమ్మట మాలో నొకడు విద్యుత్తు తీగల పనియు, రెండవవాడు ధ్వని యంత్రముల మరమ్మతును నేర్చుకొనిరి. నేడు కలసి యొక చిన్న దుకాణమును నడపుకొనుచున్నాము. అయినను 2023వ సంవత్సరపు వేసవిలో మేము చేసిన యొక పని మాకు తీగల విద్య కంటె గొప్ప పాఠమును నేర్పినది. ఆ పాఠము మాకు సిగ్గు గలిగించినదే. కాని చిన్నవారికి మేలు చేయునను నమ్మకముతో దాని నిచట దాపఱికము లేక వ్రాయుచున్నాము.

మా పట్టణమునకు కొంత దూరమున నొక సమాజ రేడియో కేంద్రము కలదు. పెద్దలకు రేడియో యనగానే మదరాసును, విజయవాడయును జ్ఞాపకము వచ్చును. 1938వ సంవత్సరము జూను 16వ తేదీన మదరాసులోను, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలోను ఆలిండియా రేడియో కేంద్రములు నెలకొన్నవి. సమాజ రేడియో వానివలె పెద్దది గాదు. 2008 అక్టోబరు 15వ తేదీన జహీరాబాదు ప్రాంతమందలి మాచనూరు గ్రామమున దళిత స్త్రీలు నడపు సంఘం రేడియో ప్రారంభమయ్యెను. ఊరివారు ఊరివారి కొఱకే నడపుకొను రేడియో యెట్లుండునో దానివలన మనవారికి తెలిసినది. ఇట్టి కేంద్రముల ప్రసార శక్తి సాధారణముగా 100 వాట్లకు మించదు. వీని స్వరము చుట్టుప్రక్కల పది పదునైదు కిలోమీటర్ల వఱకు మాత్రమే పోవును. కాని వినువారికి మాటలాడువా రెవ్వరో తెలియును; మాటలాడువారికి వినువా రెవ్వరో తెలియును. అదియే దాని గొప్పతనము.

మేము పనిచేసిన కేంద్రమునకు గదులు నాలుగు. మాటలాడువారు కూర్చుండు గది యొకటి; దానినే స్టూడియో యందురు. దాని ప్రక్కనే యంత్రముల గది. అచ్చట నొక యువకుడు మీటల బల్ల ముందు కూర్చుండి ధ్వనిని హెచ్చించుచు, తగ్గించుచు, పాటలను నడుమ నడుమ వేయుచు నుండును. మూడవది శ్రోతల టెలిఫోనులు వచ్చు గది. నాలుగవది ప్రసార యంత్రముండు గది. స్టూడియో గోడలకు మెత్తని దళసరి పలకలు కొట్టియుండును. వాకిటికి ఒకదాని వెనుక నొకటిగా రెండు తలుపులు. స్టూడియోకును యంత్రముల గదికిని నడుమ పెద్ద అద్దపు కిటికీ కలదు. అందు అద్దములు రెండు. వాని నడుమ గాలి. ఎదురెదురు అద్దముల నడుమ ధ్వని యిటునటు కొట్టుకొనకుండుటకై యొకదానిని కొంచెము వాల్చి నిలిపిరి. ఇన్ని కట్టుదిట్టముల ఫలితమేమనగా, ఇరు గదులవారును ఒకరి నొకరు చక్కగా చూడగలరు. కాని ఒకరి కేక వేఱొకరికి వినబడదు.

మఱి పని నడచు టెట్లు? స్టూడియోలో నొక స్పీకరు నుంచి మాటలాడవచ్చును గదా యని మీ రనవచ్చును. కాని మైక్రోఫోను తెఱచియున్నంత సేపు ఆ స్పీకరు మూగవలె నుండక తప్పదు. లేనిచో స్పీకరు మాట మైక్రోఫోనులో దూరి, మరల స్పీకరునుండి వెడలి, క్షణములో చెవులు చిల్లులు పడునట్టి కూత పుట్టును. పెండ్లి పందిళ్ళలో ఈ కూతను విననివారుండరు. అందుచేత రేడియోవారు మొదటినుండియు సైగలను వాడుకలోనికి తెచ్చిరి. వ్రేలు చూపినచో ప్రారంభింపుమని యర్థము. వ్రేలిని చక్రమువలె త్రిప్పినచో త్వరగా ముగింపుమని. రెండు చేతులను రబ్బరు సాగదీయునట్లు ఎడముగా జరపినచో ఇంకను కొంతసేపు మాటలాడుమని. అరచేతిని కంఠమున కడ్డముగా నడపినచో ఆపుమని. చూపున్నవారికి ఇవి చాలును.

ఆ కేంద్రమున ప్రతి గురువారము సాయంకాలము స్త్రీల కార్యక్రమమును నడపు నామెకు చూపు లేదు. బాల్యమున వచ్చిన జ్వరములో ఆమె కన్నులు పోయినవి. తన పేరు అచ్చులో వేయవలదని యామె కోరిరి. ఊరివారందఱును అక్కయ్యగా రనియే పిలుతురు గనుక మేమును అట్లే వ్రాసెదము. ఫ్రాన్సు దేశీయుడగు లూయీ బ్రెయిలు కనిపెట్టిన యారు చుక్కల లిపిని మన విద్యార్థు లెఱుగుదురు. 1951లో మన దేశ భాషల కన్నిటికిని ఉమ్మడిగా భారతీ బ్రెయిలు పద్ధతి యేర్పడెను గనుక తెలుగును ఆ చుక్కలలో చదువవచ్చును. అక్కయ్యగారు శ్రోతల ఉత్తరములను తన కోడలిచేత చదివించుకొని, దళసరి కాగితముపై చుక్కలుగా పొడుచుకొని, స్టూడియోలో రెండు చేతుల వ్రేళ్ళతో తడవుచు చదువుదురు. ఆమె చదువుట వినినవారు ఆమె కన్నులతో చదువుట లేదని యెంతమాత్రము కనిపెట్టలేరు.

చాలకాలము ఆమె ప్రక్కన నొక బాలుడు కూర్చుండి, కిటికీలోని సైగను చూచి యామె భుజమును తట్టుచుండెను. 2023 మే నెలలో ఆ బాలుడు పై చదువులకై వేఱొక యూరికి పోయెను. ఆ పిమ్మట నొక గురువారము సైగ నందించువారు లేక, ఆమె మాట ముగియకముందే సమయము ముగిసి, వాక్యము నడుమ త్రుంపవలసి వచ్చెను. మఱియొక గురువారము ఆమె ముగించి యూరకున్న పిమ్మట అరనిమిషము సేపు నిశ్శబ్దమే ప్రసారమయ్యెను. ఇంటిలో అరనిమిషము లెక్కలోనిది గాదు. రేడియోలో అరనిమిషపు నిశ్శబ్దమనగా యంత్రము చెడిపోయినదని శ్రోతలు తలంచి వేఱొక కేంద్రమునకు త్రిప్పుదురు.

కేంద్రమును నడపు పెద్దలు కఠినులు గారు. ఫోనులు వచ్చు ప్రత్యక్ష కార్యక్రమమును చూపు గల మఱియొకరి కప్పగించి, అక్కయ్యగారి మాటలను ముందుగా రికార్డు చేసి ప్రసారము చేయుదమని వారు తలంచిరి. ఆ మాట వినగానే అక్కయ్యగా రిట్లనిరి: "అయ్యా, ముందుగా చెప్పి దాచిన మాటకు ఎవ్వరును బదులు చెప్పరు. నాకు బదులు కావలెను. మీరు వ్రేలు చూపు పనిని నా చెవికి తెలియునట్లు చేయింపుడు." పెద్దలు కొంత యాలోచించి, జూలై 6వ తేదీ గురువారము వఱకు గడువిచ్చిరి. అప్పటి కేర్పాటు కుదిరినచో కార్యక్రమ మామెదే, లేనిచో మఱియొకరిది. అప్పుడు మాకు కబురు వచ్చినది.

ఇంటర్‌కామ్ అనగా గదినుండి గదికి మాటల నందించు తీగల యేర్పాటు. ఇందు పద్ధతులు పెక్కులు కలవు. మేమెన్నుకొనినది పార్టీ లైను పద్ధతి. 1968లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున స్థాపింపబడిన క్లియర్‌కామ్ సంస్థ ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినది. సంగీత సభల హోరులో దీపములవారును, ధ్వనివారును ఒకరి మాట నొకరు వినలేకుండిరి. ఆ యిబ్బందినుండియే ఆ సంస్థ పని పుట్టినది. ఆ సంస్థవారి క్రొత్త పెట్టెలను కొనుటకు కేంద్రమువారికి శక్తి లేదు. అదే మార్గమున పనిచేయు సామాన్యపు పెట్టెలు నాలుగు ఒక నాటక సమాజమువారు వాడి విడిచినవి మాకు దొరకినవి. వానిని విప్పి, దుమ్ము దులిపి, త్రుప్పు పట్టిన ప్లగ్గులను మార్చితిమి. కవచము గల కేబులును హైదరాబాదు కోఠీ బజారునుండి తెచ్చితిమి.

ఈ పద్ధతిలోని చమత్కారమును విద్యార్థులు గ్రహింపవలెను. కేబులులో తీగలు మూడు. మొదటిది నేల తీగ. అది తక్కినవానికి కవచము కూడ. రెండవది యన్ని పెట్టెలకును 30 వోల్టుల విద్యుత్తును మోయును. మూడవది మాటను మోయును. పెద్ద యాంప్లిఫయరు ఒకచోట నుండి యందఱికి ధ్వనిని పంచుట యిందు లేదు. ప్రతి పెట్టెలోను చిన్న యాంప్లిఫయరు కలదు. ఎవరికి కావలసినంత ధ్వనిని వారు త్రిప్పుకొనవచ్చును. తీగ వెంబడి యొక్కచోట మాత్రము 200 ఓముల నిరోధకము నుంచవలెను. అది లేనిచో లైను కూయును. పొరపాటున రెండు పెట్టినచో మాట నీరసించును. ఇది యంతయు ఊరి రచ్చబండ వంటిది. ఒకడు పలికిన మాట అచ్చట కూర్చున్న వారందఱికిని వినబడును. ఇది నాకు, అది నీకు అని మాటలను వేఱుచేయు శక్తి ఆ తీగకు లేదు. ఈ సంగతి నితరులకు వివరించి చెప్పినవారమే గాని, మేము దాని నెంత త్వరగా మఱచితిమో ముందు చదువగలరు.

జూను మూడవ వారమున పని ప్రారంభించితిమి. గోడలు త్రవ్వ నక్కఱ లేకుండ, విద్యుద్దీపముల తీగలు పోవు పైపులోనే మా కేబులును కూడ దూర్చితిమి. శ్రమ తగ్గెను, ఖర్చు తగ్గెను. సంతోషముతో అక్కయ్యగారిని పిలిపించి చెవులకు హెడ్‌ఫోను పెట్టితిమి. ఒక చెవిలో ప్రసారమగు కార్యక్రమమును, రెండవ చెవిలో మా మాటయు వినబడునట్లు తీగలను వేఱుచేసి యుంటిమి. ఆమె కొంతసేపు విని, నవ్వి, "నాయనా, మాట బాగుగనే యున్నది. కాని దానితోడ నొక తుమ్మెదను తెచ్చి నా చెవిలో కట్టివైచితి రేమి?" అనిరి.

మేము విని చూచితిమి. మా కేమియు తోచలేదు. గోడలకు రంధ్రములు చేయు యంత్రముల రొదలో మా చెవులు మొద్దుబాఱియున్నవి కాబోలు. ఏమియు లేదని మేము చెప్పగా, ఆమె వాదింపక, ఆ తుమ్మెద శ్రుతిని నోటితో సన్నగా పలికి చూపిరి. పిమ్మట, "ఆ చల్లని గాలి యంత్రము తిరిగినప్పుడు ఇది పెద్దదగుచున్నది, అది యాగినప్పుడు చిన్నదగుచున్నది" అనిరి. ఆ మాటతో మాకు కన్నులు తెఱచినట్లయ్యెను. మన యిండ్లలోని విద్యుత్తు సెకనునకు 50 సారులు ఇటునటు ఊగును. ఆ యూపు ప్రక్కనున్న సన్నని మాటల తీగలోనికి ప్రాకి రొదయగును. గాలి యంత్రము తిరిగినప్పుడు ఆ పైపులోని తీగలలో ప్రవాహము హెచ్చును, రొదయు హెచ్చును. మీటరులు పెట్టి మేము వెదకవలసిన కారణమును ఆమె కూర్చున్నచోటనుండియే చెప్పిరి.

రెండు దినముల పనిని మరల విప్పితిమి. మాటల కేబులును విద్యుత్తు తీగలకు అడుగు దూరముగా వేఱొక మార్గమున నడపితిమి. దాటక తప్పని చోట్ల ప్రక్క ప్రక్కన పోనీయక అడ్డముగా, మూలమట్టముగా దాటించితిమి. తుమ్మెద చాలవఱకు పోయెను గాని పూర్తిగా పోలేదు. వెదకగా, కవచపు తీగ రెండు చివరలను ఇనుప పెట్టెలకు తగిలి, రెండు మార్గముల ఎర్తునకు కలియుచుండెను. అట్టి వలయములో చిన్న ప్రవాహము తిరుగుచు రొదను పుట్టించును. ఒక చివరను ఇనుమునుండి వేఱుచేయగానే లైను నిర్మలమయ్యెను. అక్కయ్యగారు విని, "తుమ్మెద యెగిరిపోయినది" అనిరి. ఆ నాటినుండి ఏ తీగను వేసినను ముందుగా నామె చెవికి పరీక్ష యిచ్చితిమి.

తరువాతి సమస్య పిలుపు దీపము. ఎవరైన పిలిచినప్పుడు ప్రతి పెట్టెమీదను ఎఱ్ఱని దీపము వెలుగును. అక్కయ్యగారికి దీప మేల? ఎల్లప్పుడును చెవిలో మాటలాడుట యును మంచిది గాదు. శ్రోతతో సంభాషించుచున్నవారి చెవిలో వేఱొకడు గొణుగుచున్నచో మనసు చెదరును. అందుచేత మాటకు ముందు తట్టు వంటిది యొకటి కావలెను. పాత సెల్‌ఫోనులలో వణకు పుట్టించు గోరంత మోటారు కలదు. దీపమునకు పోవు విద్యుత్తుతో నొక ట్రాన్సిస్టరును నడపి, దానిచేత ఆ మోటారును త్రిప్పించితిమి. మొదట దానిని బల్ల క్రింద బిగించితిమి. బల్ల వణకినది, వణకు కొయ్య వెంట మైక్రోఫోనునకు ప్రాకి, వినువారికి గేదె గుఱకవలె వినబడినది. అక్కయ్యగారు బిగ్గరగా నవ్విరి. "నా వ్రేళ్ళు కాగితముపై నుండును, పాదములకు చెప్పులుండును, ఖాళీగా నుండునది మోచేయి యొక్కటే" అని యామెయే చోటు చూపిరి. కుర్చీ చేతికి స్పాంజి నమర్చి, దానిలో మోటారును పొదిగితిమి. ఒక తట్టు సిద్ధము కమ్మని. రెండు తట్లు మాటలాడుమని. పొడుగు తట్టు ముగింపుమని. ఆమె వైపునుండి సమాధానము చెప్పుటకు పరికర మేదియు నక్కఱ లేకుండెను. ఆమె చేయి యెత్తినచో అద్దములోనుండి మేము చూడగలము గదా! కుడి చేయి యెత్తినచో తెలిసినదని, ఎడమ చేయి యెత్తినచో ఇంకను సమయము కావలెనని నిర్ణయించుకొంటిమి.

జూలై 4వ తేదీ మంగళవారము రాత్రి తుది పరీక్ష. ఉదయమునుండి తిండి సరిగా లేదు. టెలిఫోను గదిలోని పెట్టె మూడు సారులు మొరాయించెను. యంత్రముల గదిలో నిలిచి మేము నడుములకు కట్టుకొనిన పెట్టెలతో మాటలు పంపుచుంటిమి. లోపల అక్కయ్యగారు వట్టి మైక్రోఫోను ముందు కూర్చుండి, అభ్యాసమునకై యొక శ్రోత యుత్తరమును చదువుచుండిరి. అప్పుడు మాలో నొకడు విసుగుతో, "ఒక్కరి కొఱకు ఇంత పాటా? చూపున్నవారి నొకరిని కూర్చుండబెట్టినచో ఒక పూటలో తేలిపోవు పని" అనెను. రెండవవాడు నవ్వెను. అన్నవాడెవ్వడో, నవ్వినవాడెవ్వడో యిచట చెప్పుట యనవసరము. ఈ వ్యాసమును కలసి వ్రాయుచున్నాము. తప్పును కూడ కలసియే చేసితిమి.

అక్కయ్యగారు చదువుచున్న వాక్యము నడుమ క్షణమాత్ర మాగిరి. పుట తిరిగినదని మేము తలంచితిమి. పిమ్మట ఆమె యుత్తరమును తుదివఱకు తొట్రుపాటు లేక చదివి, లేచి, గోడ తడవుకొనుచు వెలుపలికి వచ్చిరి. మా యెదుట నిలిచి, ఎప్పటి మెత్తని కంఠముతోనే యిట్లనిరి: "మీ తీగ చక్కగా పనిచేయుచున్నది నాయనా. ఒక్క యక్షరమైన జాఱలేదు. నవ్వు కూడ వినబడినది."

ఆమె వెడలిపోయిన పిమ్మట మా నడుములందలి పెట్టెలను చూచుకొంటిమి. ఒకని పెట్టెమీద మీట తెఱచియే యున్నది. ఆ మీట స్వభావ మిట్టిది: నొక్కి పట్టుకొన్నచో పట్టుకొన్నంత సేపే లైను తెఱచియుండును, కాని చటుక్కున నొక్కి విడిచినచో, మరల నొక్కువఱకు తెఱచియే యుండును. తెఱచియున్నట్లు తెలుపు చిన్న దీపము నడుమునందుండుటచే కంటికి కనబడలేదు. ఇంకొక సూచన కూడ కలదు. ఇట్టి పెట్టెలలో మన మాట మన చెవికిని కొంచెము వినబడవలెను. దానినిబట్టి మనము లైనులో నున్నట్లు తెలియును. హెడ్‌ఫోను కూయుచున్నదని ఆ దినము సాయంకాలమే మేము ఆ సొంత ధ్వనిని పూర్తిగా తగ్గించి యుంటిమి. అనగా, మా మాట మాకు వినబడకుండ చేసికొని, ఆమెకు వినబడునట్లు చేసితిమి. ఇంతకంటె తెలివితక్కువ పని యుండునా? అయినను యంత్రముపై నిందను వేసి తప్పించుకొనుటకు మాకు మనసు రాలేదు. మీట మాటను మోసినది. మాటను పుట్టించినవారము మేము.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మఱునాటి యుదయమున నిరువురము అక్కయ్యగారి యింటికి పోయితిమి. ఆమె వసారాలో కూర్చుండి గురువారపు కాగితములను పొడుచుకొనుచుండిరి. అడుగుల చప్పుడుచేతనే మమ్మును గుర్తించి, కోడలిచేత మంచినీళ్ళు తెప్పించిరి. మేము క్షమింపుమని వేడితిమి. ఆమె కొంతసేపు పలుకక, చుక్కల కాగితముమీద చేయి యుంచి, "అట్టి మాట పుట్టుట యిది మొదటిసారి గాదు నాయనా. అద్దమున కావల ఎన్నో సారులు పుట్టియుండును. ఇన్నాళ్ళు నాకు వినబడెడిది గాదు, అంతే. మీరు వినబడునట్లు చేసితిరి" అనిరి. మాకు నోట మాట రాలేదు. అప్పుడామె, "బాధ కలుగలేదని చెప్పినచో అబద్ధమగును. కాని రేపు గురువారము. మీరిచ్చట కూర్చుండి యేడ్చినచో ఆ మీటను బాగుచేయువా రెవ్వరు? పొండు" అనిరి.

పోయితిమి. నాలుగు పెట్టెలను విప్పి, లోపలి చిన్న స్విచ్చులను మార్చి, మీట తెఱచి నిలుచు గుణమును తొలగించితిమి. ఇక నొక్కి పట్టుకొన్నంత సేపే మాట పోవును. వ్రేలు తీసిన క్షణముననే లైను మూసికొనును. సొంత ధ్వనిని మరల తగినంత హెచ్చించి, కూత రాకుండ హెడ్‌ఫోనుల నమరిక సరిచేసితిమి. పెట్టెలను నడుములనుండి తీసి, దీపము కంటి కెదురుగా నుండునట్లు బల్లమీద బిగించితిమి. ఈ మూడు మార్పులకు మూడు గంటలు పట్టినది. మొదటనే చేసియుండవలసిన పని.

గురువారము సాయంకాలము వచ్చెను. కేంద్రపు పెద్దలు యంత్రముల గదిలో వెనుక నిలిచిరి. ఒక తట్టు, అక్కయ్యగారి కుడి చేయి లేచెను. రెండు తట్లు, ఆమె స్వరము వెలువడెను. మొదటి రెండు ఫోనులు సునాయాసముగా జరిగిపోయినవి. మూడవది ఒక తల్లినుండి వచ్చెను. ఆమె కుమార్తెకు చూపు మందగించి, నల్లబల్ల కనబడక, బడి మానినదట. "మీరు చుక్కలతో చదువుదురని విన్నాను. మా పిల్లకు నేర్పువా రెక్కడనైన నున్నారా?" అని యామె యడిగెను. అప్పటికి గడియారములో రెండు నిమిషములు మాత్రమే మిగిలినవి. మీటల బల్ల ముందున్న యువకుడు ఒక తట్టు తట్టి, మీటను నొక్కి పట్టుకొని, "అక్కయ్యగారూ, రెండు నిమిషములు" అని మెల్లగా చెప్పెను. అక్కయ్యగారు మాట నాపకయే ఎడమ చేయి నెత్తిరి.

యువకుడు మావైపు చూచెను. మేము పెద్దలవైపు చూచితిమి. వారిలో నొకరు తల యూపిరి. తరువాత వేయవలసిన పాటను తీసివేసి, ఆ సమయమును అక్కయ్యగారికే యిచ్చిరి. ఆమె ఆ తల్లికి మొదట కంటి వైద్యునికి చూపుమనియు, అద్దములతో సరిపడవచ్చుననియు, సరిపడనిచో చుక్కల లిపి నెట్లు నేర్తురో తాను స్వయముగా వచ్చి చూపెదననియు ఆరు నిమిషములు నిదానముగా చెప్పిరి. ఆ తల్లి కంఠము చివర కుదుటపడినది. పొడుగు తట్టు వచ్చినప్పుడు అక్కయ్యగారు వాక్యమును ముగించి, నమస్కారము చెప్పిరి; ఆమె తుది యక్షరము వెంటనే ముగింపు సంగీతము ప్రారంభమయ్యెను. నడుమ నిశ్శబ్దము లేదు. ఆ కార్యక్రమము నాటినుండి అక్కయ్యగారికే నిలిచినది. ఆ దిన మామె సమాధానమును రికార్డు చేసి పంపదలచినచో ఆ తల్లి ప్రశ్న యే పుట్టియుండదు.

బాలబాలికలారా! మే మీ పాఠశాలలో చదువు దినములలో మా తరగతిలో మాట తడబడు బాలు డొకడుండెను. వెనుక బల్లపై కూర్చుండి మేము వానిని గూర్చి గుసగుసలాడి నవ్వుచుండెడివారము. వానికి వినబడదని మా నమ్మకము. నడుమ అద్దము లేదు, తీగయు లేదు. ఎన్ని మాటలు వాని చెవిని పడెనో నేటికిని మా కెఱుక లేదు. వాడు మన్నింపగలిగినను, మన్నింపుమని యడుగుటకు వాడిప్పు డెచ్చట నున్నాడో తెలియదు. అక్కయ్యగారి వాకిటికి పోయి యడుగగలిగితిమి. అది మా భాగ్యము. మీరు మీ తోడివారిని గూర్చి యాడు మాట కంతటికిని యెక్కడనో యొక తీగ యున్నదని తలంచి మాటలాడుడు. విద్యుత్తు పనిని నేర్వదలచినవారికి మే మిచ్చు మొదటి పాఠమును ఇదియే: తీగను వేయుటకు ముందు వినుట నేర్చుకొనుడు.

ఆ కేంద్రపు యంత్రముల గదిలో బల్లమీది పెట్టెకు పైన, మీట ప్రక్కగా, మేమొక చిన్న కాగితము నంటించి వచ్చితిమి. దానిపై నున్నవి మూడు మాటలే: "అవతల వినువా రున్నారు." అక్కయ్యగారి కా కాగితము సంగతి చెప్పలేదు. కాని దానిని వ్రేళ్ళతో చదువ వీలుగా, అడుగున చుక్కలలోను పొడిపించితిమి. ఆమె ఒకనాడు బల్లను తడవుచు దానిని కనుగొని చదివిరని యువకుడు మాకు చెప్పెను. ఆమె యేమియు ననలేదట. కాగితపు మూల యొకటి లేచియుండగా, దానిని వ్రేలితో నొత్తి సరిగా నంటించి పోయిరట.